లీవర్ లాగినా చైన్ డోజర్ తిరగకపోతే: క్లచ్ విప్పే ముందు చూడాల్సినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మూడేళ్ళు షెడ్డులో కదలకుండా ఉన్న పాత చైన్ డోజర్. డ్రై రకం (ఆయిల్లో మునగని) స్టీరింగ్ క్లచ్‌లు, రెండు చేతి లీవర్లు, కాళ్ళ దగ్గర రెండు బ్రేకు పెడళ్ళు. ఇంజను చక్కగా స్టార్టయింది. కానీ కుడి లీవర్ లాగి కుడి బ్రేకు తొక్కితే బండి తిరగదు సరికదా, ఇంజను మూలుగుతూ ఆగిపోయేలా ఉంటుంది. ఎడమకు తిరుగుతుంది గానీ, తిన్నగా పోనిచ్చినా ఎడమకే లాగేస్తోంది. చూసిన మెకానిక్ రెండు క్లచ్‌లూ పోయాయి, మార్చేయాలి అన్నాడు.

మార్చకండి. కనీసం ఇప్పుడే మార్చకండి. మీ బండిలో రెండు వైపులా ఉన్నది ఒకే జబ్బు కాదని నా అనుమానం. కుడి క్లచ్ విడవడం లేదు. ఎడమ వైపు ఏదో ఒకటి పవర్‌ను తినేస్తోంది. ఒకటి అతుక్కుపోవడం, ఇంకోటి జారిపోవడం. రెండింటికీ మందు వేరు.

బండి ఎలా తిరుగుతుందో ఒక్కసారి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. ఇంజను నుంచి మెయిన్ క్లచ్, గేర్‌బాక్స్ దాటి వచ్చిన పవర్ వెనకాల బెవెల్ గేరు దగ్గర కుడి ఎడమలకు చీలుతుంది. అక్కడ ఒక్కో వైపు ఒక్కో స్టీరింగ్ క్లచ్ ఉంటుంది. క్లచ్ బయటి డ్రమ్మే బ్రేకు డ్రమ్ము కూడా. దాని చుట్టూ బ్రేకు బ్యాండు తిరిగి ఉంటుంది. ఆ తర్వాత ఫైనల్ డ్రైవ్ (చివరి గేర్ల పెట్టె), స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం), చైన్. మామూలుగా స్ప్రింగులు క్లచ్‌లోని ప్లేట్లను నొక్కి పట్టుకునే ఉంటాయి. లీవర్ లాగితే ఆ పట్టు విడిపోయి ఆ వైపు చైన్‌కు పవర్ ఆగుతుంది. పెడల్ తొక్కితే డ్రమ్ము ఆగి చైన్ కూడా నిలబడుతుంది. ఎడ్ల జతలో లోపలి ఎద్దును నిలబెట్టి బయటి ఎద్దును నడిపించినట్టే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గట్టి నేల మీద, వెనక బరువేమీ లేకుండా, లీవర్ ఒక్కటే లాగితే బండి పెద్దగా తిరగదు. పవర్ ఆగిన చైన్ కూడా బండితో పాటు దొర్లుతూనే వస్తుంది కదా. బ్లేడు ముందు మట్టి ఉన్నప్పుడో, వెనక బరువు లాగుతున్నప్పుడో అదే లీవర్‌తో చక్కగా తిరుగుతుంది. కాబట్టి ఖాళీ బండి లీవర్‌కు తిరగలేదని క్లచ్‌ను తప్పు పట్టకూడదు.

మీ ప్రశ్నకు అసలు ఆధారం ఇంజను శబ్దంలోనే ఉంది. లీవర్ పూర్తిగా లాగి, అదే వైపు బ్రేకు తొక్కినప్పుడు ఇంజను గొంతు బరువెక్కి ఆగిపోయేలా ఉంటే, క్లచ్ విడవలేదు. బ్రేకు ఇంజనుతోనే కుస్తీ పడుతోంది. అలా కాకుండా ఇంజను ఏమీ పట్టనట్టు నడుస్తూ, బండి మాత్రం తిరగకుండా తిన్నగా పోతుంటే క్లచ్ విడిచింది, బ్రేకు పట్టడం లేదు. మీ కుడి వైపు మొదటి రకం. ఈ తేడా వినకుండానే సీటు విప్పడం మొదలుపెట్టే వాళ్ళను చాలామందిని చూశాను. అన్నట్టు, కుడి ఎడమలు ఎప్పుడూ ఆపరేటర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టే లెక్క. వెనక నిలబడి పని చేసే వ్యక్తి, ముందు నిలబడి చెప్పే వ్యక్తి ఇద్దరూ ఇది ముందే మాట్లాడుకోవాలి. తప్పు వైపు విప్పేసి, మంచి క్లచ్‌ను బయట పెట్టుకుని తలపట్టుకున్న వర్క్‌షాప్ నాకు తెలుసు.

దీన్ని నిర్ధారించుకోవడానికి ఇంకో పరీక్ష చేయండి. చదునైన ఖాళీ స్థలంలో, బ్లేడు నేలకు కాస్త ఎత్తులో పెట్టి, మొదటి గేరులో, ఇంజను నెమ్మదిగా ఉంచి, రెండు లీవర్లూ ఒకేసారి పూర్తిగా లాగి మెయిన్ క్లచ్ మెల్లగా వదలండి. రెండు స్టీరింగ్ క్లచ్‌లూ విడిచి ఉంటే బండి కదలకూడదు. ఒక చైన్ మాత్రం తిరిగిందంటే ఆ వైపు క్లచ్ అతుక్కుని ఉంది. మీ బండిలో కుడి చైన్ తిరిగి బండి ఎడమకు మళ్ళుతుందని నా అంచనా. వాలు మీద మాత్రం ఈ పరీక్షలేవీ చేయకండి. చుట్టుపక్కల మనుషులుండకూడదు. ఇంజను నడుస్తుండగా ఎవరూ కిందికి దూరకూడదు.

అతుక్కుందని తేలినా ఇంకా లోపలికి వెళ్ళొద్దు. ముందు లీవర్ నుంచి క్లచ్ దాకా ఉన్న దారి చూడండి. ఇందులో నేను రెండు రోజులు తగలేశాను. ఒక బండిలో ఎడమ క్లచ్ విడవడం లేదని సీటు, డీజిల్ ట్యాంకు, పై మూత అన్నీ దించాం. లోపల ప్లేట్లు ముట్టుకుంటే కదులుతున్నాయి, ఏ లోపమూ లేదు. చివరికి ఫ్లోర్ ప్లేటు లేపి చూస్తే, లీవర్ అడుగు భాగం వెనక్కి వచ్చే చోట ఎండిన బంకమట్టి ఇటుకలా గట్టిపడి కూర్చుంది. స్క్రూడ్రైవరుతో పొడిచి లాగితే, లీవర్ చివర ఆకారం అచ్చు గుద్దినట్టు ఒక పెళ్ళ ఊడి వచ్చింది. లీవర్ పూర్తిగా వస్తున్నట్టే చేతికి అనిపించేది. నిజానికి చివరి రెండంగుళాలు రావడమే లేదు.

అందుకని ఫ్లోర్ ప్లేట్లు లేపి మొత్తం శుభ్రం చేయండి. లింకు రాడ్ల పిన్నులు, వాటి రంధ్రాలు చూడండి. ఒక్కో పిన్ను కొంచెం కొంచెం అరిగినా, నాలుగు పిన్నుల అరుగుదల కలిస్తే లీవర్ కదలికలో సగం ఆ సందుల్లోనే పోతుంది. ఇంజను ఆపి, ఒకరు లీవర్ లాగుతుంటే, ఇంకొకరు తనిఖీ మూత తెరిచి టార్చి వేసి క్లచ్ దగ్గరి యోక్ (రిలీజ్ బేరింగును నెట్టి క్లచ్‌ను విడిపించే చీలిక చేయి) ఎంత కదులుతోందో చూడాలి. లీవర్ కదిలి యోక్ కదలకపోతే జబ్బు బయటే ఉంది. యోక్ కదిలి బేరింగును నెట్టినా ప్లేట్లు విడవకపోతే అప్పుడు లోపల అనుకోవచ్చు.

తర్వాత లీవర్ ఫ్రీ ప్లే. లీవర్ లాగడం మొదలుపెట్టినప్పుడు, చేతికి బరువు తగిలే దాకా వచ్చే ఖాళీ కదలిక అది. పాత క్యాటర్‌పిల్లర్ డీ4 లాంటి బళ్ళలో లీవర్ పైకొన దగ్గర సుమారు 3 అంగుళాలు ఉంచేవాళ్ళు. మీ బండికి మాన్యువల్లో ఎంత రాసుంటే అంతే పెట్టండి. ఖాళీ ఎక్కువైతే లాగినప్పుడు క్లచ్ పూర్తిగా విడవదు. ఖాళీ అసలు లేకపోతే రెండు నష్టాలు: క్లచ్‌కు పూర్తి పట్టు రాక జారుతుంది, రిలీజ్ బేరింగు విశ్రాంతి లేకుండా తిరిగి కాలిపోతుంది. లైనింగు (ప్లేట్ల మీద పట్టు కోసం ఉండే పొర) అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతూ వస్తుంది, కారు క్లచ్‌లో లాగే. అంటే మీ కుడి లీవర్‌కు ఖాళీ ఎక్కువుందా, ఎడమ లీవర్‌కు ఖాళీ లేదా అని ముందు కొలవండి. స్కేలు పెట్టి కొలవండి, చేతి అంచనా వద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కుడి క్లచ్ ఇంకా విడవకపోతే, మూడేళ్ళు నిలబడ్డ బండి కాబట్టి తుప్పే కారణం అయ్యుంటుంది. స్టీలు ప్లేట్ల మీద తేమ చేరి, తుప్పు పట్టి, లైనింగుకు అతుక్కుపోతాయి. ఇది పాడైపోవడం కాదు, పట్టేయడం. చాలాసార్లు విప్పకుండానే వదిలించొచ్చు.

నేను చేసే పద్ధతి ఇది. లీవర్ పూర్తిగా వెనక్కి లాగి తాడుతో కట్టేయండి. ఒక రాత్రి అలాగే ఉంచండి. స్ప్రింగుల బరువు తప్పిపోతే కొన్ని క్లచ్‌లు వాటంతట అవే వదులుతాయి. పొద్దున బండిని ఖాళీ స్థలంలోకి తెచ్చి, లీవర్ అలా కట్టి ఉండగానే, మొదటి గేరులో ఇంజను నెమ్మదిగా ఉంచి, ఆ వైపు బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, మెయిన్ క్లచ్‌ను కొంచెం కొంచెంగా వదలండి. ఇంజను మూలగగానే మెయిన్ క్లచ్‌ను మళ్ళీ విడదీసేయాలి. ఇలా ముందు గేరులో ఒకసారి, రివర్సులో ఒకసారి. వదిలేటప్పుడు టక్కుమని ఒక కుదుపు, వెంటనే బండి గిర్రున ఆ వైపుకు తిరుగుతుంది. అందుకే నాలుగు వైపులా ఖాళీ ఉండాలని చెప్పేది. నాలుగైదు సార్లకు కదలకపోతే ఆపేయండి. రేస్ చేసి, పై గేరులో గుద్దించి వదిలించాలని చూడొద్దు. క్లచ్ కంటే గేరు పళ్ళు ఖరీదు.

దానికీ లొంగకపోతే కిరసనాయిలు స్నానం. ఇది నేను కనిపెట్టింది కాదు, డ్రై క్లచ్‌లను కడిగే పద్ధతి కొన్ని పాత మాన్యువళ్ళలోనే ఉంది. క్లచ్ గది అడుగున డ్రైన్ ప్లగ్ బిగించి, పై మూత లోంచి డ్రమ్ము అడుగు భాగం మునిగేంత కిరసనాయిలు పోయండి. డ్రమ్ము తిరిగితే అదే పైకి చిమ్ముకుంటుంది. పెట్రోలు మాత్రం వాడకండి. వేడి డ్రమ్ము, మూసిన గది, పెట్రోలు ఆవిరి, మూడూ ఒకచోట ఉండకూడదు. కొన్ని నిమిషాలు తిన్నగా నడిపి, లీవర్ కట్టి రాత్రంతా ఉంచి, మళ్ళీ పైన చెప్పిన కుదుపు ప్రయత్నించండి. వదిలాక లీవర్‌ను పదిపదిహేను సార్లు లాగి వదులుతూ నడిపి, వెంటనే ప్లగ్ తీసి అంతా కార్చేయండి. తుప్పు రంగు నీళ్ళలా వస్తుంది. ఆరే దాకా క్లచ్ కొంచెం జారుతుంది, బరువు పని పెట్టకండి. చివరగా బెవెల్ గేరు గదిలో, ఫైనల్ డ్రైవులో ఆయిల్ మట్టం చూడండి. సీలు బలహీనంగా ఉంటే కిరసనాయిలు అటు కూడా పోయి ఉంటుంది. మట్టం పెరిగినా, ఆయిల్ పల్చబడినా మార్చేయాల్సిందే.

ఒక్క హెచ్చరిక. ఇదంతా డ్రై క్లచ్‌లకే. కొమాట్సు డీ80 లాంటి బళ్ళలో క్లచ్‌లు ఆయిల్లోనే మునిగి, హైడ్రాలిక్ ప్రెషరుతో పని చేస్తాయి. వాటిలో కిరసనాయిలు పోస్తే కొంప మునిగినట్టే. అక్కడ చూడాల్సినవి ఆయిల్ మట్టం, ఫిల్టరు, జాలీ, పంపు ప్రెషరు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మొరాయిస్తే ముందు పంపునూ సీల్ రింగులనూ అనుమానించండి. ఇక పాత క్లెట్రాక్ లాంటి వాటిలో స్టీరింగ్ క్లచ్‌లే ఉండవు, డిఫరెన్షియల్‌కు బ్రేకులు ఉంటాయి. రష్యా డీటీ-75లో ప్లానెటరీ గేర్లు. మీ బండి ఏ రకమో తెలిశాకే ఎవరి సలహా అయినా వినండి, నాదైనా సరే.

ఇప్పుడు ఎడమ వైపు. తిన్నగా పోనిస్తే ఎడమకు లాగుతోందంటే ఎడమ చైన్ వెనకబడుతోంది. మొదట అసలు స్టీరింగ్‌తో సంబంధం లేనివి చూసేయండి: ఎడమ చైన్ కుడిదానికంటే బిగుతుగా ఉందా, బ్లేడు ఒక వైపు దిగి మట్టిలో గుచ్చుకుంటోందా, ఎడమ రోలరు ఏదైనా తిరగకుండా ఈడ్చుకొస్తోందా. ఇవి చూడటానికి అరగంట పట్టదు.

అవి కాకపోతే మిగిలింది రెండే. ఎడమ బ్రేకు పట్టేసి ఉండాలి, లేదా ఎడమ క్లచ్ జారుతూ ఉండాలి.

బ్రేకు సంగతి వేడి చెబుతుంది. పదిహేను నిమిషాలు పెడళ్ళు ముట్టకుండా నడిపి ఆపండి. రెండు వైపులా బ్రేకు మూతల మీద నాలుగు నీటి చుక్కలు చల్లండి. ఒక వైపు చుయ్‌మని ఆవిరై, రెండో వైపు తడిగానే నిలిస్తే ఆ మొదటి వైపు బ్యాండు డ్రమ్మును రాసుకుంటోంది. చేత్తో ముట్టుకుని చూడకండి. పెడల్ పూర్తిగా పైకి వస్తోందా, దాని రిటర్న్ స్ప్రింగు ఉందా, పార్కింగు లాక్ సగం పడి ఉందా చూడండి. తర్వాత అడ్జస్ట్‌మెంటు. బ్యాండును పైన బిగించే నట్టు అందరికీ తెలుసు. అడుగున బ్యాండును మోసే సపోర్టు స్క్రూ ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది సరిగ్గా లేకపోతే బ్యాండు తన బరువుకు కిందికి జారి, పై భాగం డ్రమ్ము మీద వాలిపోతుంది. పెడల్ ఎంత వదులు చేసినా రాపిడి ఆగదు. ఆ స్క్రూను బ్యాండు తగిలే దాకా బిగించి, మాన్యువల్ చెప్పినంత వెనక్కి తిప్పాలి. చాలా పాత బళ్ళలో అది ఒకటి, ఒకటిన్నర చుట్టు.

బ్రేకు చల్లగా ఉంటే క్లచ్ జారుడు చూడాలి. గట్టి కట్టకు బ్లేడు ఆనించి, లీవర్లూ పెడళ్ళూ వదిలేసి, రెండో గేరులో మెల్లగా పవర్ ఇవ్వండి. రెండు చైన్లూ కలిసి నేలను గీకాలి, లేదా ఇంజను ఆగిపోవాలి. కుడి చైన్ తిరుగుతూ ఎడమది నిలబడిపోతే ఎడమ క్లచ్ జారుతోంది. నాలుగైదు సెకన్లకు మించి చేయకండి, లైనింగు మాడుతుంది.

జారుతోందంటే లీవర్ ఖాళీ తర్వాత నా అనుమానం ఆయిల్ మీదే. ఎడమ క్లచ్ గది డ్రైన్ ప్లగ్ విప్పండి. డ్రై గది పేరుకు తగ్గట్టు పొడిగా ఉండాలి. రెండు మూడు చుక్కలు, నల్లటి పొడి కలిసిన జిడ్డు వస్తే కంగారు పడక్కర్లేదు. ధార కట్టి ఆయిల్ వస్తే సీలు పోయింది. ఏ సీలు అన్నది మట్టాలే చెబుతాయి. గేర్‌బాక్స్, బెవెల్ గేరు వైపు ఆయిల్ తగ్గుతుంటే లోపలి సీలు, ఫైనల్ డ్రైవులో తగ్గుతుంటే బయటి సీలు. పాడు పని ఏంటంటే, ఆయిల్ పడితే క్లచ్ జారడమే కాదు, బ్రేకు కూడా అదే గదిలో ఉంది కాబట్టి అదీ జారుతుంది. చల్లబడ్డాక అదే ఆయిల్ బంకలా మారి ప్లేట్లను అతికిస్తుంది. ఒకే బండి పొద్దున అతుక్కుని, మధ్యాహ్నం జారడం నేను చూశాను. రిలీజ్ బేరింగుకు అతిగా గ్రీజు కొట్టే ఆపరేటర్లు కూడా ఇదే పని చేస్తారు. ఎక్కువైన గ్రీజు ఎగిరి ప్లేట్ల మీదే పడుతుంది. కిరసనాయిలు స్నానం జిడ్డును కడుగుతుంది గానీ, సీలు మార్చకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మారకపోతే అప్పుడు విప్పండి. చాలా పాత మోడళ్ళలో సీటు, ట్యాంకు దించితే క్లచ్ మొత్తం పై నుంచి వస్తుంది. విప్పేటప్పుడు రెండు విషయాలు మర్చిపోకండి. ప్లేట్ల దొంతర మీద స్ప్రింగుల బరువు చాలా ఉంటుంది, మాన్యువల్లో చెప్పిన పొడవాటి బోల్టులతో నొక్కి పట్టకుండా లోపలి నట్లు ఊడదీస్తే ప్రాణానికే ప్రమాదం. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, కాబట్టి ఆ దుమ్మును ఎయిర్ కొట్టి ఎగరేయకండి, తడిపి తుడవండి.

బయటికొచ్చాక ప్లేట్ల మందం అందరూ కొలుస్తారు. నేను ముందు డ్రమ్ము పళ్ళ మీద వేలు పెట్టి నిలువునా జరుపుతాను. ప్లేట్ల పళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకుని అక్కడ గాట్లు పడతాయి, గోరు తగిలి ఆగుతుంది. ఆ గాట్లలో ప్లేటు ఇరుక్కుని పక్కకు జరగదు. కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ విడవదు. చిన్న గాట్లయితే ఆకురాయితో అంచు తీసేయొచ్చు, లోతుగా ఉంటే డ్రమ్ము మార్చాలి. స్టీలు ప్లేట్లను చదునైన అద్దం మీద పెట్టి, ఊగుతున్నాయేమో కూడా చూడండి.

బండి బాగయ్యాక వాలు దిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బండి బరువే బండిని నెడుతున్నప్పుడు ఎడమ లీవర్ ఒక్కటే లాగితే బండి కుడికి తిరుగుతుంది. క్లచ్ విడిచిన ఎడమ చైన్ స్వేచ్ఛగా పరిగెడుతుంది, కుడి చైన్‌ను ఇంజను ఆపి పడుతుంది. ఇది రిపేరు కాదు, ఈ రకం బండి తీరే అంత. అలాంటి చోట బ్రేకు కలిపి వాడాలి, లేదంటే వ్యతిరేక లీవర్ లాగాలి. కొత్త ఆపరేటర్ దీన్ని చూసి స్టీరింగ్ పోయిందని భయపడి అదే లీవర్ ఇంకా గట్టిగా లాగుతాడు.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది: ఫ్లోర్ ప్లేట్లు లేపడం, రెండు లీవర్ల ఖాళీ కొలవడం, రెండు డ్రైన్ ప్లగ్గులూ విప్పి ఏం వచ్చిందో ఒక డబ్బాలో పట్టడం. ఆ కొలతలూ, డబ్బాలో ఉన్నది పల్చటి నీళ్ళా, ఆయిలా, జిడ్డా అన్నదీ రాయండి. ఎడమ వైపు సీలు దాకా వెళ్ళాలా వద్దా అన్నది దాన్ని చూసి చెబుతాను.